జాబిల్లిపాడుకు మాస్టరొచ్చారు

వెలుగు పక్షం, సోమవారం

పొద్దున రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్ళేసరికి, నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరియేటర్ల మెకానిక్ గోవిందు చెవి పట్టుకుని కూర్చున్నాడు. మూడో చెరువులో రొయ్య ఎగిరి కొట్టిందట. భూమ్మీద రొయ్య మూరెడు ఎగిరితే గొప్ప. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కాబట్టి మా జాబిల్లిపాడులో రొయ్యలు మనిషి నెత్తి మీదుగా దూకుతాయి.

ఆసుపత్రికి తీసుకొచ్చి చూశాను.

"గీరుకుంది, అంతే" అన్నాను.

"మందేదైనా రాయండి డాట్రమ్మగోరూ."

"నేను రాయకూడదు గోవిందూ."

"పోనీ, పసుపెట్టుకోమంటారా?"

తల ఊపబోయి ఆగాను. గోడ పక్కనున్న మందుల బీరువాకు ఎర్ర దీపం వెలిగింది. మా బీరువా మాట్లాడుతుంది. తయారుచేసినవాళ్ళు దానికి ఏ కాలం నాటి తెలుగు నేర్పారో తెలియదు.

"బ్యాచిలర్ గారు శిరస్సు ఊపుటకు ఉద్యుక్తులైనట్లు గమనించితిని. వలదు" అంది.

డాక్టరు చదువును రెండు డిగ్రీలుగా విడగొట్టాక చదివినదాన్ని నేను. మొదటిది బ్యాచిలర్. ఒంట్లో ఏముందో కనిపెట్టి పేరు చెప్పాలి. రెండోది మాస్టర్. దానికి వైద్యం చేయాలి. నా దగ్గరున్నది మొదటిదే. అసలు డాక్టరు చదువు చదవనివాళ్ళు ఇంటి వైద్యం ఎంతైనా చేసుకోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. ఈ ఊరు మొత్తంలో ఒకరికి అల్లం ముక్క నలిపి ఇవ్వకూడని మనిషిని నేనొక్కదాన్నే.

అందుకని నేను పేరు చెప్తాను, క్యాంటీన్ మంగాయమ్మ పిన్ని మిరియాల చారు ఇస్తుంది. జలుబుకీ అదే, మోకాలి నొప్పికీ అదే. గోవిందు చెవికీ అదే ఇచ్చింది. తాగాలా, చెవిలో పోసుకోవాలా అని అతను నన్ను అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వెలుగు పక్షం, గురువారం

ఊరి ప్రెసిడెంటు మట్టపర్తి నూకరాజు గారు ఇవాళ మీటింగు నిలబడి జరిపించారు. ఆయన నిలబడితే మనం కూర్చోవడం బాగుండదు కనుక అందరం నిలబడ్డాం. మీటింగయ్యాక ఆయన ఆసుపత్రికొచ్చి, తలుపేసి, బీరువా వైపు అనుమానంగా చూసి గొంతు తగ్గించారు.

"డాట్రమ్మగోరూ, కూకోలేకపోతన్నానండి."

చూశాను. "సెగ్గడ్డ" అన్నాను.

"పేరు నాకూ తెలుసండి. మరి కొయ్యరా?"

"నేను కొయ్యకూడదండి. మాస్టర్ కొయ్యాలి."

"మరి మీరెప్పుడు మాస్టరవుతారు? ఎన్నాళ్ళని ఇలా బ్యాచిలర్‌గా ఉండిపోతారండి?"

ఈ ప్రశ్న ఊళ్ళో నన్నందరూ అడుగుతారు. సగంమంది నా చదువు గురించి, మిగతా సగం నా పెళ్ళి గురించి. ఎవరు దేని గురించి అడుగుతున్నారో నాకు అంతుపట్టదు. అందుకని అందరికీ "త్వరలోనేనండి" అని చెప్తాను.

చదువు సంగతైతే నిజంగా త్వరలోనే. భూమ్మీద మాస్టర్స్ సీటు వచ్చింది నాకు. ముందొకసారి పరీక్ష తప్పి, మళ్ళీ రాసి తెచ్చుకున్న సీటు. వెళ్ళేలోపు ఆ బీరువా నా మీద ఒక్క ఫిర్యాదు పంపినా సీటు పోతుంది, జన్మలో మళ్ళీ రాదు. కాలేజీలో మాస్టర్స్ వాళ్ళు ఆపరేషన్ చేస్తుంటే బ్యాచిలర్స్‌మి మేం అద్దం ఇవతల నిలబడి చూసేవాళ్ళం. వాళ్ళ వేళ్ళు కదిలినప్పుడల్లా కోటు జేబుల్లో నా వేళ్ళు కదిలేవి. ఆ అద్దం దాటాలన్నదొక్కటే నా కోరిక.

వెలుగు పక్షం, శనివారం

గడ్డ పెరిగింది. ఊరంతటికీ తెలిసిపోయింది. ప్రెసిడెంటుగారు భోజనం కూడా నిలబడే చేస్తున్నారు. "భూమ్మీదైతే దీనికారింతలు నెప్పెట్టేదండి ప్రెసిడెంటుగారూ, అదృష్టవంతులు" అని గోవిందు ఓదార్చబోతే పప్పు గరిటె విసిరారు. అది గాల్లో తీరిగ్గా వెళ్ళి ఎవరికీ తగలకుండా కిందపడింది. ఇక్కడ కోపం తీర్చుకోవడం కూడా కష్టమే.

సాయంత్రం ఆయన పరలోక నియామకాల కార్యాలయానికి సందేశం పంపారు. భూమిని వదిలి వెళ్ళిన ఊళ్ళన్నిటికీ డాక్టరు దగ్గర్నుంచి డ్రైవరు దాకా మనుషుల్ని పంపేది ఆ కార్యాలయమే. దానికా పేరు పెట్టినాయన మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటాడు.

"గడ్డ అని, ఎక్కడుందో అనీ స్పష్టంగా రాయండి" అన్నాను.

"అలాంటి చోటు గురించి గవర్నమెంటుకి రాత్తామా అండి? ఊరి పరువు పోద్ది."

ఆయన చెప్పి రాయించింది ఇది: "ప్రెసిడెంటు కూర్చోలేకపోతున్నారు. ఆయనతోపాటు జనమంతా లేచి నిలబడే ఉన్నారు. ఇంక ఆగడం మా వల్ల కాదు. అత్యవసరంగా మాస్టర్‌ని పంపండి."

"వైద్యం మాస్టర్ అని రాస్తే మంచిదేమోనండి" అన్నాను.

"మాస్టరంటే అర్థం కాపోవడానికి ఆళ్ళేవన్నా చిన్నపిల్లలా?"

చీకటి పక్షం, బుధవారం

సరుకుల నౌకలో మాస్టర్ దిగారు.

యాభై ఏళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మీసానికి రంగు. పేరు గుత్తుల ఏసురత్నం, రాజోలు వైపువారట. చేతిలో పెద్ద పెట్టె ఉంది. ఆపరేషన్ సామాను కాబోలని మేమంతా దాని వైపు భక్తిగా చూశాం. ఊరు ఊరంతా వరసగా నిలబడి ఉండటం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"నన్నెవరైనా అత్యవసరంగా పిలవడం ఇదే మొదటిసారండి, ఆయ్" అన్నారు.

ఆసుపత్రిలోకి అడుగుపెట్టగానే ప్రెసిడెంటుగారు ఇంకేమీ ఆలస్యం చేయకుండా బల్ల మీద బోర్లా పడుకున్నారు.

"కానీండి మాస్టారూ. సిద్ధంగా ఉన్నాను."

ఏసురత్నం గారు ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, మెల్లగా నా పక్కకొచ్చారు.

"అమ్మా, ఈ స్టెప్పు నాకు తెలీదండి."

"ఏ స్టెప్పండీ?"

"డాన్స్ మాస్టర్నండి. స్కూళ్ళల్లో వార్షికోత్సవాలకి నేర్పుతుంటాను. ఇక్కడ ప్రెసిడెంటు గారికి కూర్చోబుద్ధి కావట్లేదు, జనం ఆగలేకపోతున్నారు అని చెప్పి పంపారండి."

పెట్టె తెరిచారు. స్పీకరూ, నాలుగు జతల గజ్జెలూ ఉన్నాయి. ప్రెసిడెంటుగారు పడుకున్నచోటు నుంచే ఒక మూలుగు మూలిగారు. ఆ మూలుగుకి ఏసురత్నం గారు బెదిరి, పడిపోకుండా బీరువాకి చెయ్యి ఆనించారు. బీరువా తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. మాస్టర్ చెయ్యి తగిలితేనే తెరుచుకునే బీరువా అది. నేనొచ్చాక తెరుచుకోవడం అదే మొదలు.

"మాస్టర్ గారికి స్వాగతము. కత్తులు ఎడమ అరయందు కలవు."

కార్యాలయం వాళ్ళు ఆయన్ని పంపేటప్పుడు మాస్టర్‌గానే నమోదు చేశారు. ఏం మాస్టరో బీరువా అడగలేదు. కత్తులు చూసి ఏసురత్నం గారు నేల మీద కూర్చుండిపోయారు. ఊళ్ళో హాయిగా కూర్చోగలిగిన మనిషిని చూసి ప్రెసిడెంటుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చీకటి పక్షం, గురువారం

తిరుగు నౌక వచ్చేదాకా ఏసురత్నం గారు ఇక్కడే. పాపం, నిన్నట్నుంచి ఆయన ఎవరి మొహమూ చూడలేకపోతున్నారు. "ఆయన తప్పేవుంది? రమ్మంటే వొచ్చాడు" అంది మంగాయమ్మ పిన్ని. మాస్టర్ కోసమని రుబ్బిపెట్టుకున్న పిండి పారెయ్యడం ఇష్టంలేక రొయ్యల పకోడీలు వేసింది. ఊళ్ళో పెద్ద గది ఆసుపత్రిదే. అందరం అక్కడే నిలబడి తింటున్నాం.

రెండో వాయి తింటూ ప్రెసిడెంటుగారు ఏదో అన్నారు. ఏసురత్నం గారు వచ్చాక మొదటిసారి నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది. రెండు చేతులూ గొంతు దగ్గరికి వెళ్ళాయి. దగ్గు రాలేదు, మాట రాలేదు. మొహం ఎర్రబడి, తర్వాత నీలంగా మారుతోంది.

"పకోడీ శ్వాసనాళానికి అడ్డం పడింది!" అని అరిచాను. పేరు చెప్పేశాను. నా పని అయిపోయింది.

మంగాయమ్మ పిన్ని చారు తేవడానికి పరిగెత్తింది. గోవిందు ఆయన వీపు మీద చరిచాడు. ఇక్కడి బరువుకి ఆయన ముందుకు తేలి వెళ్ళి ప్రెసిడెంటు గారికి గుద్దుకున్నారు. ఆ తాకిడికి ప్రెసిడెంటు గారు కూలబడ్డారు. దేని మీద కూలబడ్డారో చెప్పను గానీ, ఆ కేక చెరువుల దాకా వినబడింది.

"ఏం చెయ్యాలో చెప్పండి డాట్రమ్మగోరూ!" అన్నాడు గోవిందు.

ఎర్ర దీపం వెలిగింది. "బ్యాచిలర్ గారు నోరు తెరచుటకు—"

ఏసురత్నం గారు నా వైపే చూస్తున్నారు. ఆ కళ్ళు చూశాక నాకు సీటు గుర్తుకు రాలేదు. తర్వాత చాలాసేపటికి గాని రాలేదు. వెనక నుంచి ఆయన్ని పట్టుకుని, పిడికిలి బొడ్డు పైన పెట్టి, లోపలికీ పైకీ బలంగా ఒక్క గుంజు గుంజాను.

భూమ్మీదైతే ఉన్నచోటే ఉండేవాళ్ళం. ఇక్కడ ఇద్దరం కలిసి పైకి లేచిపోయాం. గాల్లో ఉండగానే ఇంకోసారి గుంజాను. పకోడీ బయటికొచ్చి గది ఈ చివర నుంచి ఆ చివరికి ఎగురుకుంటూ వెళ్ళి బీరువాకి తగిలింది. మా తలలు పైకప్పుకి తగిలాయి. తర్వాత ఇద్దరం నిదానంగా, దూదిపింజల్లా కిందికి దిగాం. దిగుతుండగా ఆయన మొదటి ఊపిరి తీసుకోవడం నా చేతులకి తెలిసింది.

దిగాక కూడా నేనాయన్ని వదల్లేదు. భయం అనుకున్నాను. కాదు, సంతోషం.

"ఫిర్యాదు పంపబడినది" అంది బీరువా.

చీకటి పక్షం, శనివారం

విచారణ. తెర మీద పరలోక నియామకాల అధికారి తాటికొండ విరూపాక్షం గారు. మాట భూమికి వెళ్ళి రావడానికి కాస్త వ్యవధి పడుతుంది. అందువల్ల ఆయన కోపం ఎప్పుడూ ఒక మాట ఆలస్యంగా వచ్చేది.

"కుడుపూడి హైమావతి గారూ, మీరు బ్యాచిలర్ అయి ఉండి ఒక మనిషికి వైద్యం చేశారా?"

"చేశానండి."

"మాస్టర్ లేకుండా?"

నేను జవాబు చెప్పేలోగా బీరువా అందుకుంది. "మాస్టర్ గారు అచ్చటనే ఉండిరి."

విరూపాక్షం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఉన్నారా? మాస్టర్ పర్యవేక్షణలో బ్యాచిలర్ వైద్యం చేయవచ్చు. అది తప్పు కాదు. ఎంత దూరంలో ఉన్నారు?"

"బ్యాచిలర్ గారి రెండు చేతుల నడుమ."

ఏసురత్నం గారిని పిలిచారు. ఆయన చేతులు కట్టుకుని తెర ముందు నిలబడ్డారు.

"మాస్టర్ గారూ, ఆవిడ చేసిన వైద్యం మీరు దగ్గరుండి చూశారా?"

"ఆయ్, లోపల్నుంచే చూశానండి."

"మధ్యలో అభ్యంతరం ఏమైనా చెప్పారా?"

"నోట మాట రాలేదండి."

"మౌనం అర్ధాంగీకారం" అని విరూపాక్షం గారు రాసుకున్నారు. వెనకాల మంగాయమ్మ పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "ఫిర్యాదు కొట్టేస్తున్నాం. ఒక చిన్న విషయం హైమావతి గారూ. ఫిర్యాదు పడగానే మీ సీటు వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోయింది. అది మా చేతుల్లో లేదు. అయితే మీ ఊళ్ళోనే మాస్టర్ ఉన్నారు కాబట్టి, ఆయన దగ్గరే రెండేళ్ళు నేర్చుకోండి. ఆయన సంతకం పెడితే మీకు మాస్టర్స్ వచ్చినట్టే."

ప్రెసిడెంటుగారు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నారు. ఒప్పేసుకోమని దానర్థం. ఏసురత్నం గారు నా వైపు చూడకుండా నేల వైపు చూస్తున్నారు. ఆయన చేత సంతకం పెట్టించుకోవడం ఎంతసేపు? రెండేళ్ళు గజ్జెలు కట్టుకుని గంతులేసినా నాకు డిగ్రీ వస్తుంది. అద్దం అవతలికి వెళ్ళిపోతాను. వెళ్ళి అక్కడేం చేస్తాను?

"సార్, ఆయన డాన్స్ మాస్టారండి" అన్నాను.

మాట వెళ్ళింది. వ్యవధి దాటాక ఆయన తెరకి దగ్గరగా వంగారు.

"ఏంటన్నారు?"

"స్కూలు పిల్లలకి డాన్సులు నేర్పుతారు. మీరే పంపారు."

"పంపినట్టు సంతకం ఎవరిది?" అన్నారు విరూపాక్షం గారు. ఆయన గొంతు చిన్నదైపోయింది.

ఏసురత్నం గారు జేబులోంచి నియామక పత్రం తీసి, దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటూ చదివారు. "తా-టి-కొం-డ..."

"చాలు చాలు."

విరూపాక్షం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు లేకపోతే ఆయన మా పెద్దనాన్నలా ఉన్నారు.

"అమ్మా, చెప్పకుండా ఊరుకుంటే మీకు డిగ్రీ వచ్చేసేది కదా. ఎందుకు చెప్పారు?"

"డిగ్రీ వస్తుందండి. రేపు ఎవరి కడుపో కోయాల్సి వస్తే అప్పుడు నాకేమొస్తుంది? నాకు కాగితం వద్దు సార్, పని నేర్పేవాళ్ళు కావాలి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "వచ్చే నౌకలో సరైన మనిషిని పంపుతాను. అంతవరకు మాస్టర్ మాస్టరే. ఇంకెవరూ ఈ విషయం ఎత్తకండి. ముఖ్యంగా ఆ బీరువాకి చెప్పండి" అని తెర ఆర్పేశారు.

"వినుటలేదు" అంది బీరువా.

చీకటి పక్షం, సోమవారం

"అంతవరకు మాస్టర్ మాస్టరే" అన్న మాట మా ప్రెసిడెంటుగారు మర్చిపోలేదు. పొద్దున్నే వచ్చి బోర్లా పడుకున్నారు.

"పర్యవేక్షణలో మీరు కొయ్యొచ్చని గవర్నమెంటే అంది కదండి. ఇంక మీరు కొయ్యకపోతే అదే పగుల్తాదో, నేనే పగుల్తానో."

గడ్డ పండింది. ఆపితే జ్వరం, ఆ తర్వాత ఇంకేదైనా. అద్దం ఇవతల నుంచి ఈ పని ఎన్నోసార్లు చూశాను. కానీ చూడటం వేరు. ఏసురత్నం గారు వచ్చి బీరువాకి చెయ్యి ఆనించారు. తర్వాత నా పక్కన నిలబడి గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

"మాస్టారూ, పర్యవేక్షించాలి మీరు" అన్నాను.

"చెవుల్తో పర్యవేక్షిస్తానండి. మీరు మొదలెట్టండి. చెయ్యి వణక్కుండా ఉండాలంటే లెక్క తప్పకూడదు. పిల్లలకీ అదే చెప్తాను." అని మెల్లగా చిటికె వేయడం మొదలుపెట్టారు.

మత్తు సూది ఇచ్చాను. శుభ్రం చేశాను. చిటికెలు ఆగలేదు. నా చెయ్యి కాస్త నిలబడింది. ఒక గాటు. తర్వాతి సంగతి ఈ డైరీ చదివేవాళ్ళు అన్నం తింటూ చదవొచ్చు కాబట్టి రాయను. చంద్రుడి మీద ఏదైనా తీరిగ్గా, చాలా దూరం వెళ్తుందని మాత్రం చెప్తాను. గోవిందు ఇవాళ్టికి రెండుసార్లు స్నానం చేశాడు.

కట్టు కట్టాక ప్రెసిడెంటుగారు లేచి, కుర్చీ అంచు తడిమి, ఒక పక్కకి ఒరిగి, మెల్లగా కూర్చున్నారు. కిటికీ బయట నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. అలవాటు ప్రకారం ఏసురత్నం గారు వంగి దణ్ణం పెట్టారు.

వెలుగు పక్షం, మంగళవారం

నౌక వచ్చింది. డాక్టర్ వక్కలంక శారదాంబ గారు దిగారు. అరవై దాటిన మనిషి. ఎవరు దండ వేయబోయినా "తర్వాత, తర్వాత" అంటూ తిన్నగా ఆసుపత్రికొచ్చారు. అప్పటికే వరండాలో జనం. ఇన్నాళ్ళూ నేను పేరు చెప్పి వదిలేసినవాళ్ళందరూ వచ్చేశారు.

ముందు నిలబడ్డ ముసలాయన కన్ను చూసి ఆవిడ నా వైపు తిరిగారు.

"ఏమిటిది?"

"శుక్లం అండి."

"ఊఁ" అని తర్వాతి మనిషి దగ్గరికెళ్ళారు. "ఇదేమిటి?"

సాయంత్రం దాకా ఇలాగే సాగింది. నేను పేరు చెప్పడం, ఆవిడ చెయ్యడం. ఒక్కసారి కూడా నేను చెప్పింది కాదనలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"ఇవన్నీ మీకు తెలీదా అండి?"

"నీకంటే ముందే తెలుసు." ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. "నేను చదివినప్పుడు ఇదంతా ఒకటే చదువమ్మా. విడగొట్టాక పాత డాక్టర్లందర్నీ పిలిచి, నోరు కావాలా చేతులు కావాలా అన్నారు. చేతులన్నాను. అప్పట్నుంచి రోగం కళ్ళెదురుగా కనబడుతున్నా పేరు నోట్లోనే నొక్కుకుంటున్నాను. మా ఆయనకి తుమ్మొచ్చినా ఫలానా అని చెప్పకూడదు. ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"తెలుసండి" అన్నాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. మంగాయమ్మ పిన్ని ఇద్దరికీ చారు తెచ్చిపెట్టింది, ఎందుకైనా మంచిదని.

విరూపాక్షం గారు మాట నిలబెట్టుకున్నారు. ఊళ్ళోనే మాస్టర్ దగ్గర రెండేళ్ళు అన్న తీర్పు అలాగే ఉంది. మాస్టర్ పేరు మాత్రం మారింది. ఏసురత్నం గారు తిరుగు నౌకకి పెట్టె సర్దుకున్నారు. చెరువుల దగ్గరి పిల్లలూ, వాళ్ళ వెనకాల ప్రెసిడెంటుగారూ వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నారు. నౌక ఆయన లేకుండానే వెళ్ళింది.

వెలుగు పక్షం, బుధవారం

పొద్దున వలలు చూసే అచ్చియ్యమ్మ గారు చేతికి గుడ్డ చుట్టుకుని పరుగున వచ్చారు. పంపు రెక్క అరచేతిని కోసింది. గుడ్డ విప్పి చూశాను.

"లోతుగా తెగింది. నరానికి తగల్లేదు. కుట్లు పడాలి" అన్నాను.

చెప్పి, అలవాటుగా వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను. శారదాంబ గారు సూదిలో దారం ఎక్కించుకున్నారు. అచ్చియ్యమ్మ గారి చేతిని తన చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరగకుండానే అన్నారు:

"అక్కడ నిలబడ్డావేంటి? చేతులు కడుక్కుని రా."